కూడలిలో తనంతట నడచు కారు

ఎస్.ఆర్. నగరులో పైన మెట్రో రైలు, క్రింద రోడ్ల కూడలి. 2017 నవంబరులో ప్రారంభమైన ఈ మెట్రోలో రైళ్ళ మధ్య ఉండవలసిన దూరమును రేడియో సంకేతముల సాయమున యంత్రమే కాపాడుచున్నది. ప్రక్కనున్న అమీరుపేటలో రెండు మెట్రో మార్గములు వేర్వేరు ఎత్తులలో పోవుటచే ఒకదాని కొకటి అడ్డము రావు. క్రింది కూడలిలో అట్టి సౌకర్యము లేదు. బస్సు, ఆటో, స్కూటరు, పాదచారి, అందరికిని అదే చోటు కావలెను. అచ్చటికి చోదకుడు లేని కారు వచ్చినచో ఎట్లు నడచుకొనవలెను?

చోదకునికి నియమమొక మాట. యంత్రమునకు అదియొక లెక్క. పసుపు దీపము వెలిగినప్పుడు, క్షేమముగా ఆగగల వాహనము గీతకు ఇవతలనే ఆగవలెను. కారు గంటకు 36 కిలోమీటర్ల, అనగా సెకనుకు 10 మీటర్ల వేగమున వచ్చుచున్నదనుకొందము. దీపమును గుర్తించి బ్రేకు వేయుటకు అర సెకను పట్టినచో, ఆలోగా 5 మీటర్లు గడచును. పిమ్మట ప్రతి సెకనుకును వేగములో 3 మీటర్లు తగ్గుచున్నచో, ఆగుటకు మరి 17 మీటర్లు కావలెను. మొత్తము 22. గీత 30 మీటర్ల దూరమున నున్నచో కారు ఆగును. 15 మీటర్లే యున్నచో దాటిపోవును. వానకు రోడ్డు జారుచున్నచో 22 మీటర్లు చాలవు.

దీపము లేని కూడలి మరింత కష్టము. ప్రధాన మార్గమేదియు లేనిచోట కుడివైపునుండి వచ్చువారికి దారి ఈయవలెనని 2017 నాటి మన డ్రైవింగు నియమములు చెప్పుచున్నవి. రద్దీవేళ ఆ ప్రవాహము తెగదు. మనిషి బండిని కొంచెము ముందుకు జరిపి, ఎదుటివాని వాలకము చూచి, సందు చేసికొనును. నియమమును అక్షరాల పాటించు కారు నిలిచిపోవును.

మరి దానికిని మనుష్యుల అలవాటు నేర్పరాదా? అమెరికాలో టెస్లా కారులలో ప్రయోగాత్మకముగా ఇచ్చిన సాధనము, 'ఆగుము' అను గుర్తు వద్ద చుట్టుపట్ల ఎవరును కనబడనిచో, పూర్తిగా ఆగక గంటకు సుమారు 9 కిలోమీటర్ల వేగమువరకు దాటిపోవుచుండెను. దీనివలన ప్రమాదము హెచ్చునని అచ్చటి రహదారి భద్రతాశాఖ తలంచగా, 2022లో 53,822 కారులలో ఆ వెసులుబాటును తొలగించుటకు సంస్థ పూనుకొన్నది. ఒక చోదకుని దురలవాటు ఒక కారుతో పోవును. యంత్రమునకు నేర్పినది వేలాది కారులలో ఒకేసారి ప్రవేశించును.

హైదరాబాదు సమీపమున, కందిలోని ఐఐటిలో, చోదకుడు లేని వాహనములకై తిహాన్ పరీక్షాక్షేత్రము 2022లో ప్రారంభమైనది. యంత్రము చూపు ఎంత చురుకుగా నున్నదో అట్టిచోట పరీక్షింపవచ్చును. కాని కూడలిలో ఎంత మెల్లగా, ఏ షరతుపై ముందుకు జరుగవచ్చునో తేల్చవలసినది చట్టము. ఆగిన కారువలన నష్టము కొన్ని నిమిషములు. తొందరపడిన కారువలన నష్టము ఒక పాదచారి ప్రాణము.