పాత ఫోనుకు కొత్త టవరు

ఏలూరు, తాడేపల్లిగూడెంల మధ్య జాతీయ రహదారి మీద ఉన్న భీమడోలు నుంచి దక్షిణంగా కొల్లేరు లంక గ్రామాల దాకా పరుచుకున్న వరిచేలు, చేపల చెరువుల ప్రాంతంలో స్మార్ట్‌ఫోను విలాస వస్తువు స్థాయిని ఏనాడో దాటి, రొయ్యల కౌంటు ధర మొదలు బ్యాంకు ఓటీపీ దాకా అన్నింటికీ ఆధారమైన పనిముట్టుగా మారింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో తొలివిడతగా 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించడం ప్రారంభించిన తరువాత, వాట్సాప్ తెరుచుకోని ఫోను ఉన్న కుటుంబానికి ఆ మేరకు ప్రభుత్వ కార్యాలయం కూడా దూరమైంది. అయితే పాతబడి మూలన పడుతున్న ఫోన్లలో చాలా వాటికి భాగాలేవీ చెడిపోలేదు. ఫోను ఉన్నచోటనే ఉండగా దాని చుట్టూ ఉన్న నెట్‌వర్కు, యాప్‌లు ముందుకు కదిలిపోయాయి.

నెట్‌వర్కు సంగతి మాట కలిసే పద్ధతితో ముడిపడి ఉంది. 2జీ, 3జీ తరాల్లో కాల్ మాట్లాడినంతసేపూ ఇద్దరి మధ్య ఒక దారి ప్రత్యేకంగా కేటాయించి ఉంటుంది; 4జీలో అటువంటి దారి లేదు, మాట కూడా వీడియో మాదిరిగానే చిన్న చిన్న డేటా ముక్కలుగా విడిపోయి వెళ్లవలసిందే. ఈ పద్ధతికి వోల్ట్ (VoLTE) అని పేరు. 2014, 2015 ప్రాంతాల్లో అమ్ముడైన 4జీ ఫోన్లలో చాలా వాటికి ఇంటర్నెట్ వేగంగా అందుకోవడం తెలుసు గాని వోల్ట్ తెలియదు. అటువంటి ఫోనులో ఎయిర్‌టెల్ సిమ్ వేసి గమనిస్తే, కాల్ రాగానే పైన ఉన్న 4జీ గుర్తు చెరిగిపోయి దాని స్థానంలో ‘ఈ’ అనే ఇంగ్లిషు అక్షరం కనిపిస్తుంది, మాట ముగిసేదాకా వాట్సాప్ సందేశాలు కదలవు, ఫోను పెట్టేసిన కొన్ని క్షణాలకు అన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. కాల్ కోసం ఫోను తాత్కాలికంగా 2జీకి దిగిపోవడమే ఇందుకు కారణం. 2016 సెప్టెంబరు 5న సేవలు ప్రారంభించిన జియోకు అసలు 2జీ, 3జీలే లేవు కనుక అందులో దిగడానికి మెట్టు లేదు. అందుకే ఆ సంస్థ పాత 4జీ ఫోన్ల వారికి కాల్స్ కోసం ప్రత్యేకంగా జియో4జీవాయిస్ అనే యాప్ ఇవ్వవలసి వచ్చింది.

తరాలు వరుసగా, ముందు వచ్చినది ముందుగా మూతపడతాయని ఎవరైనా అనుకుంటారు గాని, దేశంలో జరిగింది అందుకు భిన్నం. ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి మరుసటి ఏడాదికల్లా 3జీని దేశమంతటా ఆపివేసి ఆ తరంగాలను 4జీకి మళ్లించింది, 2జీని మాత్రం ఉంచింది. ఫలితంగా ఆ నెట్‌వర్కులో 3జీ స్మార్ట్‌ఫోను వాడుతున్నవారు తమ ఫోను కంటే పాతదైన కీప్యాడ్ ఫోను స్థాయికి జారిపోయారు: కాల్స్ కలుస్తాయి, ఇంటర్నెట్ మాత్రం నత్తనడక. 2జీ మిగలడానికి ప్రధాన కారణం కీప్యాడ్ ఫోన్లు వాడే కోట్లాది మంది. వారితోపాటు మోటార్లను దూరం నుంచి ఆన్ చేసే మొబైల్ స్టార్టర్లు కూడా ఉన్నాయి. మోటారు పెట్టెలో సిమ్ పెట్టి, ఇంటి నుంచి కాల్ చేస్తే మోటారు తిరిగేలా అమర్చే ఈ పరికరాలు చాలావరకు 2జీ మీదే నడుస్తాయి. 2జీని పూర్తిగా మూసివేయాలని జియో కోరుతూ వస్తోంది. ఆ చర్చలో కీప్యాడ్ ఫోను వాడే మనిషి అయినా కనిపిస్తాడు గాని, చెరువు గట్టు మీది మోటారు పెట్టె ఎవరి లెక్కలోకీ వచ్చినట్టు కనిపించదు.

తరం కలిసినంత మాత్రాన సిగ్నల్ అందుతుందన్న హామీ లేదు. ప్రతి నెట్‌వర్కూ తనకు కేటాయించిన తరంగ శ్రేణుల్లోనే, అంటే బ్యాండ్లలోనే, పనిచేస్తుంది. ఫోనులోని రేడియో ఆ శ్రేణిని అందుకునేలా తయారై ఉండాలి. 2025 సెప్టెంబరు 27న ప్రధాని ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించిన బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ ప్రధానంగా 700, 2100 మెగాహెర్ట్జ్ శ్రేణుల్లో నడుస్తుంది. 700 శ్రేణి తరంగాలు దూరం వెళ్తాయి, గోడలను దాటుతాయి, ఇళ్లు దూరదూరంగా ఉండే లంక గ్రామాలకు సరిగ్గా సరిపోతాయి. కాని తొలినాళ్ల 4జీ ఫోన్లలో చాలా వాటికి ఆ శ్రేణి లేదు. అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకూ ఇటువంటి చిక్కే ఎదురవుతుంది. అక్కడ ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో, వెరిజాన్ అదే ఏడాది చివరలో 3జీని మూసివేశాయి కనుక, ఆ సంస్థలు ఆమోదించిన వోల్ట్ లేని ఫోనులో ఇంటర్నెట్ వచ్చినా కాల్ కలవకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్ విషయంలో పాతబడడం కంటికి కనిపించదు. 2025 నాటికి ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లలో వాట్సాప్ పనిచేయదన్నది అందరికీ తెలిసినదే; అంతకంటే లోతైనది సర్టిఫికెట్ల వ్యవహారం. ఒక వెబ్‌సైటు తెరిచినప్పుడు అది అసలైనదేనా అని ఫోను తనలో ముందే దాచి ఉంచిన నమ్మకస్తుల జాబితాతో సరిచూసుకుంటుంది. కొత్త ఫోన్లకు అప్‌డేట్ల ద్వారా ఆ జాబితా మారుతూ ఉంటుంది, పాత ఫోనుకు తయారైన నాటి జాబితాయే మిగిలిపోతుంది. కోట్లాది వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన ఒక పాత మూల సర్టిఫికెట్టుకు 2021 సెప్టెంబరు 30న గడువు తీరినప్పుడు, 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం తాత్కాలిక ఏర్పాటు చేయవలసి వచ్చింది; ఆ ఏర్పాటు కూడా 2024లో ముగిసింది. తన జాబితాను తానే వెంట తెచ్చుకునే ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు ఇటువంటి ఫోన్లకు కొంతకాలం ఊపిరి పోసింది. చార్జింగ్ పూర్తిగా అయిపోయి తేదీ వెనక్కి వెళ్లిన ఫోనులో కూడా సైటును నమ్మలేమన్న ఇదే తరహా హెచ్చరిక వస్తుంది గనుక, దుకాణానికి పరుగెత్తే ముందు తేదీ, సమయం సరిచూసుకోవడం మంచిది.

కంపెనీ వదిలేసిన ఫోనుకు బయటివారు తయారుచేసిన ఆండ్రాయిడ్‌ను ఎక్కించే మార్గమూ ఉంది. 2016 డిసెంబరులో సయనోజెన్‌మాడ్ ఆగిపోయిన తరువాత దాని స్థానంలో స్వచ్ఛంద కార్యకర్తలు మొదలుపెట్టిన లీనేజ్ఓఎస్ వీటిలో ప్రసిద్ధమైనది. అయితే దాన్ని ఎక్కించాలంటే బూట్‌లోడర్‌కు, అంటే ఫోనును తొలుత నడిపించే ప్రోగ్రాముకు, కంపెనీ వేసిన తాళాన్ని తీయవలసి ఉంటుంది. తాళం తీసిన ఫోనును బ్యాంకు, యూపీఐ యాప్‌లు తరచు తిరస్కరిస్తాయి. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లు గడిచిన ఫోనులో యూపీఐ ఉంచుకోవడమూ క్షేమం కాదు. కాబట్టి డబ్బు వ్యవహారాలు ఒక ఫోనులో, పాటలు, వీడియోలు, పిల్లల పాఠాలు పాత ఫోనులో అన్న విభజనే ఆచరణలో నిలబడేది.

బ్యాటరీ విషయం ఇంత జటిలం కాదు. లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల చార్జింగ్ చక్రాల తరువాత బలహీనపడుతుంది, వేడికి మరింత త్వరగా దెబ్బతింటుంది; ఉబ్బినది కనిపిస్తే వాడకం వెంటనే ఆపి మార్పించాలి. డిస్‌ప్లే, చార్జింగ్ పిన్, బ్యాటరీ వంటి పనులు చేసేవారు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతారు. వాడిన ఫోను కొనేవారు *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ సంఖ్యను ‘కేవైఎం’ అన్న ఇంగ్లిషు అక్షరాల తరువాత చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపితే, ఆ ఫోను దొంగతనం ఫిర్యాదు మీద నిలిపివేసినదో కాదో తెలుస్తుంది.

మరమ్మతుదారుడి చేతిలో లేనిదల్లా సాఫ్ట్‌వేర్ ఆయుష్షు. అది కంపెనీ నిర్ణయం. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆగిన తరువాత కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉండాలి. మన దేశంలో అటువంటి చట్టం లేదు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. వస్తువుల మీద మరమ్మతు సౌలభ్యానికి మార్కులు ముద్రించాలన్న ప్రతిపాదనతో నిపుణుల కమిటీ 2025 మేలో నివేదిక సమర్పించింది. ఆ మార్కుల లెక్కలో విడిభాగాల లభ్యతతోపాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకూ చోటు కల్పించారు. మరమ్మతు హక్కు కోసం కేంద్రం అంతకు ముందే ఎంచుకున్న రంగాల్లో మొబైల్ ఫోన్ల పక్కనే వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి.