వరి ఎండాకు తెగులుకు ఫేజ్ మందు: ఈ వైరస్‌ను ఎట్ల కనిపెడతారు?

మా బోధన్ వైపు షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గి వరి పెరిగింది. వానకాలంలో గాలివాన కొట్టినంక ఆకు అంచులు గడ్డి రంగులో ఎండుకుంటూ వస్తాయి కదా, అదే బాక్టీరియా ఎండాకు తెగులు. "తెగులు ఆకులు నానబెట్టి ఆ నీళ్లు కొడితే అందులోని ఫేజ్ వైరస్ పనిచేస్తదా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగిండు. అస్సలు చేయొద్దు. ఎందుకో చెప్తా.

ఫేజ్ అంటే బాక్టీరియాను మాత్రమే పట్టే వైరస్. మనిషికి, పశువుకి, వరికి అంటదు. బాక్టీరియా లోపలికి తన డీఎన్‌ఏ ఎక్కించి, అక్కడే వందలుగా పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. 1917లో ఫెలిక్స్ డెరెల్ దీనికి బాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టారు.

కొత్త ఫేజ్ కావాలంటే రోగం ఉన్న చోటే వెతకాలి. తెగులు పడ్డ మడి నీళ్లు, మట్టి తెచ్చి ల్యాబులో ఆ తెగులు బాక్టీరియాతో కలిపి పెంచుతారు. తర్వాత 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగడతారు. బాక్టీరియా పైనే ఆగిపోతుంది, ఫేజ్ కిందికి దిగుతుంది. అసలు సంగతి ఇక్కడుంది. మన గుడ్డకు అంత సన్న రంధ్రాలు ఉండవు. ఆకులు నానబెట్టిన నీళ్లలో ఫేజ్ ఉన్నా, బతికున్న తెగులు కూడా ఉంటుంది. అది కొడితే మంచి మడికి మన చేతులతోనే అంటించినట్టు.

వడగట్టిన నీళ్లను బాక్టీరియా పొర పెరిగే ప్లేటు మీద వేస్తే, దోశకు చిల్లులు పడ్డట్టు తేట మచ్చలు వస్తాయి. ఒక మచ్చను గిల్లి, మళ్లీ మళ్లీ పెంచి, ఒకే రకం ఫేజ్‌గా తీస్తారు. ఇక దాని జాతకం చూడాలి: ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఆకారం, ఎండ వేడి ఎంత తట్టుకుంటుంది, ఎన్ని రకాల తెగులు బాక్టీరియాను చంపుతుంది, జీనోం ఏంటి. జీనోం ఎందుకంటే, కొన్ని ఫేజ్‌లు బాక్టీరియాను వెంటనే చంపకుండా దాని డీఎన్‌ఏలోనే దాక్కుంటాయి, చెడ్డ జన్యువులు మోసుకొస్తాయి. అవి మందుకు పనికిరావు.

అమెరికాలో టమాట, మిరప బాక్టీరియా మచ్చలకు ఫేజ్ మందుకు 2005లోనే అనుమతి వచ్చింది. నాకు దీని మీద ఆశ ఉంది, కానీ మాయ అనుకోను. ఎండకు ఫేజ్ తొందరగా చచ్చిపోతుంది, అందుకే సాయంత్రం కొట్టాలి. ఒక్క రకమే కొడితే బాక్టీరియా తట్టుకోవడం నేర్చుకుంటుంది, అందుకే రెండు మూడు కలుపుతారు. ఎవరన్నా సీసా అమ్మితే, మన తెలంగాణ మడుల్లోని తెగులు మీద పరీక్షించారా, లేబుల్ ఏది అని అడగండి.

ఇప్పటికైతే తట్టుకునే రకం వేసుకోవడమే నయం. హైదరాబాద్ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. తెగులు మడి నీళ్లు పక్క మడిలోకి వదలొద్దు.

అది ఎండాకు తెగులేనా అని అనుమానముంటే, ఆకు కోసి గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కోసిన చోటు నుంచి పాలలాంటి ధార కారితే బాక్టీరియానే. వీడియోలో చూపించాను.