ఓపెన్ సోర్స్‌లో కృత్రిమ మేధ కోడ్: సంతకం ఎవరిది?

లినక్స్ కెర్నల్‌కు ఒక్క పంక్తి మార్పు పంపినా, దాని చివర పంపినవారి పేరుతో ‘సైన్డ్-ఆఫ్-బై’ అన్న గుర్తు ఉండి తీరాలి. తమ యూనిక్స్ కోడ్ లినక్స్‌లో చేరిందంటూ ఎస్‌సీఓ సంస్థ 2003లో ఐబీఎంపై దావా వేసింది. మరుసటి ఏడాది ఈ పద్ధతి అమలులోకి వచ్చింది. ఈ కోడ్‌ను స్వయంగా రాశానని, లేదా తగిన లైసెన్సుతో పొందానని, దీనిని సమర్పించే హక్కు తనకున్నదని పంపినవారు ఇచ్చే ధ్రువీకరణే ఆ సంతకం.

భాషా నమూనాలు రాసిన కోడ్ విషయంలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నమూనా ఏ కోడ్‌ను చదివి ఆ పంక్తులను ఇచ్చిందో వాడినవారికి తెలియదు. తెలియనిదానిని ధ్రువీకరించడం ఎట్లా? క్యూఎము ప్రాజెక్టు 2025లో ఇటువంటి కోడ్‌ను నిరాకరించడానికి చూపిన ప్రధాన కారణం ఇదే. అంతకుముందే, 2024 ఏప్రిల్ 14న, జెంటూ మండలి కాపీరైటు, నాణ్యత, నైతికత అన్న మూడు కారణాలతో నిషేధం విధించింది. నెట్‌బీఎస్‌డీ తలుపు పూర్తిగా మూయలేదు: అటువంటి కోడ్‌ను కళంకితంగా భావిస్తూనే, కోర్ బృందం ముందస్తు లిఖితపూర్వక అనుమతి ఉంటే చేర్చవచ్చునన్నది.

నిషేధానికి ఒక బలహీనత ఉన్నది. కోడ్‌ను చూసి అది యంత్రం రాసినదా, మనిషి రాసినదా అని నిశ్చయంగా తేల్చే సాధనం లేదు. కనుక నిషేధం నిజాయితీపరులను ఆపుతుంది, తక్కినవారిని దాచుకొనేటట్లు చేస్తుంది. అయినా దానిని నిష్ప్రయోజనమని కొట్టివేయలేము. కోడ్ పుట్టించడానికి నిమిషాలు చాలు. పరిశీలించడానికి, తరచూ వేతనం లేని, నిర్వాహకులకు గంటలు పడుతుంది. నిషేధం ఉన్నచోట వారు వాదనకు దిగకుండా తిరస్కరించగలరు. ఈ భారం ఊహాజనితం కాదు. భద్రతా లోపాలను కనిపెట్టినవారికి నగదు బహుమతి ఇచ్చే పథకాన్ని కర్ల్ ప్రాజెక్టు 2026 జనవరితో ముగించింది. యంత్రాలు అల్లిన నిస్సారమైన నివేదికల వరదే అందుకు ముఖ్య కారణం.

ఫెడోరా 2025 అక్టోబరులో భిన్నమార్గం ఎంచుకొన్నది. అక్కడ సాధనం వాడవచ్చు. గణనీయంగా వాడితే వెల్లడించాలి. ఫలితానికి పూర్తి బాధ్యత మాత్రం సమర్పించిన మనిషిదే. కెర్నల్ మార్గదర్శకాలు ఈ విభజనను సంతకంలోనే చూపుతాయి: సాధనం పేరును ‘అసిస్టెడ్-బై’ కింద నమోదు చేయాలి, ‘సైన్డ్-ఆఫ్-బై’ని చేర్చే అధికారం యంత్రానికి లేదు. తప్పు దొరికినప్పుడు ప్రశ్నించడానికి ఒక మనిషి మిగులుతాడు గనుక, ఆచరణలో ఈ నియమమే ఎక్కువ నిలకడగా కనిపిస్తున్నది. సంతకం చేసినవారు ఆ కోడ్‌ను నిజంగా చదివారా అన్నది మాత్రం పరిశీలకుని ప్రశ్నలకు వారిచ్చే జవాబులలోనే బయటపడుతుంది.