తెలుగులో ఒక్క ‘కదా’ చాలు.. ఇంగ్లిష్‌లో ఏ ట్యాగ్ ఎక్కడ?

పలాస జీడిపప్పుకు ఫేమస్ కదా? ఉద్దానంలో కొబ్బరి పండుతుంది కదా? తెలుగులో ఏ వాక్యానికైనా ఒక్క ‘కదా’ చాలు. ఆ అలవాటుతోనే ఇంగ్లిష్‌లో అన్నిటికీ ‘ఇజింట్ ఇట్’ తగిలించేస్తుంటాం. పరీక్షలో మార్కు పోయేది అక్కడే.

రూల్ సింపుల్. వాక్యం పాజిటివ్ అయితే ట్యాగ్ నెగటివ్, వాక్యం నెగటివ్ అయితే ట్యాగ్ పాజిటివ్. వాక్యంలోని సహాయక క్రియే ట్యాగ్‌లోనూ రావాలి. ‘పలాస ఈజ్ ఫేమస్, ఇజింట్ ఇట్?’. సహాయక క్రియ లేకపోతే డు, డజ్, డిడ్ వాడాలి. ‘కోకోనట్స్ గ్రో హియర్, డోంట్ దే?’. ‘నెవర్’, ‘హార్డ్‌లీ’ ఉన్న వాక్యం నెగటివ్ కిందే లెక్క.

అసలు చిక్కు జవాబులో ఉంది. ఉద్దానం కిడ్నీ పేషెంట్ వేరే రాష్ట్రంలో ఆస్పత్రికి వెళ్లారనుకుందాం. ‘యూ డోంట్ టేక్ పెయిన్‌కిల్లర్స్, డూ యూ?’ అని డాక్టర్ అడిగారు. మాత్రలు వేసుకునేవారు తెలుగులో ‘లేదండీ, వేసుకుంటున్నా’ అంటారు. అదే ఊపులో ‘నో’ అని ఊరుకుంటే, డాక్టర్‌కు అర్థమయ్యేది ‘వేసుకోను’ అని! నొప్పి మాత్రలు కిడ్నీకి చేటు కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు.

ప్రశ్న ఎలా ఉన్నా నిజం చూసి జవాబివ్వాలి. వేసుకుంటే ‘యస్, ఐ డూ’. వేసుకోకపోతే ‘నో, ఐ డోంట్’.