కొల్లేటి గాలికి తూకం

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా రైలు కిటికీలోంచి చూస్తే వరిచేలు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు. ఇంత పచ్చని సీమలో గాలికి ఏం లోటు అనిపిస్తుంది. అయినా గాలి నాణ్యతలో జాతీయ ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో ఏలూరు పేరుంది. గాలి బాగోగులు కంటికి ఆనవు. తూకం వేస్తేనే తెలుస్తాయి. ఆ తూకం కథలో కొన్ని విశేషాలు ఇవి.

ఏరోసాల్స్ అంటే ఏవి?
గాలిలో తేలే ఘన, ద్రవ రేణువులన్నిటినీ కలిపి ఏరోసాల్స్ అంటారు. పొయ్యి పొగ, రోడ్డు దుమ్ము, సముద్రపు ఉప్పు, పుప్పొడి అన్నీ అందులోవే. పది మైక్రాన్లు, అంతకంటే చిన్నవాటిని పీఎం 10 అనీ, రెండున్నర మైక్రాన్ల లోపువాటిని పీఎం 2.5 అనీ లెక్కిస్తారు. తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతుకు దగ్గరగా ఉండే ఈ రెండో రకం ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్తుంది. గాలిలోని రేణువుల కాలుష్యం క్యాన్సర్ కారకమని 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

రోజంతా పీల్చినా ఒకటిన్నర మిల్లీగ్రామే
గాలిని ఫిల్టరు గుండా లాగే పీఎం 2.5 శాంప్లర్ నిమిషానికి 16.7 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ లెక్కన 24 గంటల్లో 24 ఘనపు మీటర్లు. మనిషి రోజుకు పీల్చేది అందులో సగానికి కాస్త అటూఇటూ. మన దేశంలో పీఎం 2.5కి 24 గంటల హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. గాలి సరిగ్గా ఆ హద్దు మీదే ఉంటే, రోజు గడిచేసరికి ఫిల్టరు మీద చేరేది 1.44 మిల్లీగ్రాములు. ఇంత చిన్న బరువును పట్టాలంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు చూపే త్రాసు కావాలి. ఫిల్టరుకు పట్టిన తేమ కూడా బరువే కాబట్టి, వాడకముందూ వాడిన తర్వాతా దాన్ని నిర్ణీత వేడిలో, నిర్ణీత తేమలో ఆరబెట్టాకే తూస్తారు. చేత్తో ముట్టుకోరు, పట్టకారుతోనే తీస్తారు.

గంటగంటకూ చెప్పే యంత్రం
త్రాసుతో ఫలితం రావడానికి రోజులు పడుతుంది. గంటకోసారి అంకె కావాలంటే బీటా కిరణాల యంత్రం ఉంది. ఫిల్టరు టేపు మీద దుమ్ము పేరుకునేకొద్దీ దాన్ని దాటి వచ్చే బీటా కిరణాలు తగ్గుతాయి. ఆ తగ్గుదలను బట్టి బరువు కడతారు. కిరణాలకు వాడే ఐసోటోపుల్లో కార్బన్-14 ఒకటి. గోదావరి అవతలి ఒడ్డున రాజమహేంద్రవరంలో గాలిని నిరంతరం గమనించే కేంద్రం ఉంది.

కొల్లేటి తేమలో రేణువులు ఉబ్బుతాయి
కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. ఐదో కాంటూరు దాకా దాని విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. చుట్టూ చెరువులూ కాలువలూ ఉన్న ఈ పల్లంలో తెల్లవారుజామున గాలి తేమతో నిండుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పురేణువు నీటిని పీల్చుకుని బొట్టయిపోతుంది. అమ్మోనియం సల్ఫేట్‌కు ఆ గీత 80 శాతం దగ్గర ఉంటుంది. కాంతిని బట్టి లెక్కగట్టే చవక సెన్సర్లు ఈ ఉబ్బిన బొట్లను కూడా దుమ్ము కింద జమకట్టి ఎక్కువ అంకె చూపిస్తాయి. అందుకే మంచి యంత్రాల్లో గాలి లోపలికి వచ్చే గొట్టాన్ని వేడిచేసి తేమ తీసేస్తారు. లంక గ్రామాల్లో సెన్సర్ పెట్టాలనుకునేవారు ముందు పట్టించుకోవలసింది ఈ సంగతే.

రేణువు లేనిదే మంచు లేదు
స్కాట్లండ్‌కు చెందిన జాన్ ఐట్కెన్ 1880ల చివర్లో ధూళి లెక్కించే పరికరం చేశాడు. తేమగాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తే అది చల్లబడి, ప్రతి రేణువు చుట్టూ నీటిబొట్టు కడుతుంది. గళ్లు గీసిన పలక మీద పడిన బొట్లను ఆయన భూతద్దంతో లెక్కపెట్టాడు. రేణువులే లేని గాలిలో బొట్టు కట్టాలంటే తేమ మామూలు సంతృప్త స్థాయికి కొన్ని రెట్లు పెరగాలి. అంటే కైకలూరు దారిలో కమ్మే పొగమంచులో ప్రతి బొట్టుకూ ఒక రేణువు ఆధారం. నేటి రేణువుల లెక్క యంత్రాలదీ ఇదే సూత్రం, కాకపోతే చాలావాటిలో నీటి బదులు బ్యుటనాల్ ఆవిరి వాడతారు.

ఊక కాలితే మిగిలేది ఇసుక జాతి
తాడేపల్లిగూడెం చుట్టూ రైసుమిల్లులు చాలా ఉన్నాయి. వంద కిలోల ధాన్యానికి సుమారు 20 కిలోల ఊక వస్తుంది. ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడికించే బాయిలర్లలో ఆ ఊకే వంటచెరకు. అది కాలితే 4 కిలోల దాకా బూడిద మిగులుతుంది. అందులో అధికభాగం సిలికా. మంట మరీ వేడెక్కితే ఆ సిలికా స్ఫటికరూపంలోకి మారుతుంది, ఊపిరితిత్తులకు మరింత హాని చేసే రూపం అదే. పొగగొట్టంలో అమర్చే సైక్లోన్ గాలిని గిరగిరా తిప్పి బరువైన రేణువులను గోడకు కొడుతుంది. సన్నరేణువులు మాత్రం గాలితోపాటే తప్పించుకుంటాయి. వాటిని పట్టాలంటే బ్యాగ్ ఫిల్టరో, నీటితో కడిగే స్క్రబ్బరో కావాలి. డాబా మీద ఆరేసిన బట్టలకు అంటే నల్లని నుసి కంటికి కనిపిస్తుంది. ఊపిరికి ఎక్కువ చేటు చేసేది మాత్రం ఆ కనిపించని రేణువే.

టన్ను గడ్డి, మూడు కిలోల రేణువులు
కోత మిషన్ వచ్చాక చేలో మోళ్లూ, చెల్లాచెదురు గడ్డీ మిగులుతున్నాయి. సార్వా కోతలయ్యాక దాళ్వాకు చేను సిద్ధం చేయాలన్న తొందరలో కొందరు నిప్పు పెడతారు. టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 3 కిలోల రేణువులు గాలిలో కలుస్తాయని శాస్త్రవేత్తల అంచనా. ఆ గడ్డిలోని ఐదున్నర కిలోల నత్రజని కూడా దాదాపు అంతా పోతుంది. రైతు మళ్లీ యూరియా బస్తా కొనుక్కోవలసిందే. బేలర్‌తో గడ్డిని కట్టలు కడితే పశువుల మేత మిగులుతుంది, ఊరి ఊపిరీ మిగులుతుంది.

ఏ పొగ ఎక్కడిదో చెప్పే వెలుగు
జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మెట్టలో వర్జీనియా పొగాకును బ్యారన్లలో కట్టెల మంటతో పండబెడతారు. కిందనేమో జాతీయ రహదారి 16 మీద లారీల డీజిల్ పొగ. ఈ రెంటినీ వేరుచేసి చూపే యంత్రం పేరు ఈథలోమీటర్. ఏడు తరంగదైర్ఘ్యాల కాంతిని ఫిల్టరు మీది మసి గుండా పంపి, ఏ రంగు ఎంత ఇంకిపోయిందో చూస్తుంది. కట్టెల పొగ అతినీలలోహిత కాంతి దగ్గర ఎక్కువగా పీల్చుకుంటుంది. డీజిల్ మసి అన్ని రంగులనూ పీలుస్తుంది. ఇక రసాయన పరీక్షలో లెవోగ్లూకోసాన్ అనే పదార్థం దొరికిందంటే కట్టెగానీ గడ్డిగానీ కాలిందని రుజువు. ఒకరి పొగను మరొకరి మీదికి నెట్టే వాదనలకు ఇలాంటి కొలతలే సమాధానం.

పొగలేని చోట పుట్టే రేణువులు
కొన్ని రేణువులు ఏ గొట్టంలోంచీ రావు, గాలిలోనే తయారవుతాయి. పొలంలో చల్లిన యూరియా, చేపల చెరువుల్లో వేసే కోళ్ల ఎరువు, పశువుల కొట్టాలు అమ్మోనియాను వదులుతాయి. వాహనాల నుంచి వచ్చే నత్రజని ఆక్సైడ్లు గాలిలో నత్రికామ్లంగా మారి ఆ అమ్మోనియాతో కలిస్తే అమ్మోనియం నైట్రేట్ రేణువు పుడుతుంది. చలికాలంలో ఇది ఇంకా నిలుస్తుంది. ఊరికీ రోడ్డుకూ గాలిలో ఇలా పొత్తు కుదురుతుంది.

సముద్రం మీద తేలిన ఉత్తరాది పొగ
1999లో ఇండోఎక్స్ పరిశోధన, దక్షిణాసియా నుంచి హిందూ మహాసముద్రం పైకి పాకిన గోధుమరంగు పొగతెరను ప్రపంచానికి చూపింది. 2006 వేసవిలోనూ, 2008 డిసెంబరు - 2009 జనవరి మధ్యా మన శాస్త్రవేత్తలు సాగర్ కన్య నౌక మీద బంగాళాఖాతంలో తిరుగుతూ రేణువులను కొలిచారు. చలికాలపు ఈశాన్య గాలులు గంగా మైదానం పొగను సముద్రం మీదికి మోసుకొస్తాయి. మన తీరమూ ఆ దారికి దూరం కాదు. నైరుతి వానలు పడ్డాక గాలి కడుక్కుంటుంది.

నింగిని చదివే తెలుగు ప్రయోగశాలలు
సూర్యకాంతి గాలిపొరలు దాటేలోపు ఎంత తగ్గిందో కొలిస్తే పైనున్న రేణువుల మొత్తం తెలుస్తుంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ కొలతలు 1980ల నుంచే చేస్తోంది. తర్వాత ఇస్రో ఏరోసాల్ పరిశీలనల్లో అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం కూడా చేరాయి. ఉపగ్రహాలూ ఇదే పని పైనుంచి చేస్తాయి. అయితే నేల తిప్పి పంపే వెలుగును లెక్కలోంచి తీసేయాలి. చేనూ చెరువూ కలగలిసిన కొల్లేటి పల్లంలో ఆ తీసివేత కష్టం. ఇక్కడ ఉపగ్రహం అంకెను నేలమీది కొలతతో సరిచూడక తప్పదు.

భోగి తెల్లవారుజాము
మధ్యాహ్నం పొగ కిలోమీటరుకు పైగా ఎత్తుకు కలిసిపోగలదు. చలికాలపు తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి పైగాలి కంటే చల్లగా ఉండి, ఆ ఎత్తు ఒకటి రెండు వందల మీటర్లకు కుదించుకుపోతుంది. భోగి మంట సరిగ్గా ఆ వేళకే వెలుగుతుంది. పండుగ మానక్కర్లేదు. టైర్లు, ప్లాస్టిక్ వేయకుండా ఎండుకట్టెలతో చిన్నమంట వేసుకుంటే పిల్లల ఊపిరికి మేలు. దీపావళి రాత్రి గాలిలో మరో రకం గుర్తులుంటాయి. ఎర్రరంగు ఇచ్చే స్ట్రాన్షియం, పచ్చరంగు ఇచ్చే బేరియం ఆ రాత్రి ఫిల్టర్ల మీద దొరుకుతాయి.

తలుపు వేసినా ఆగని పొగ
చెరువుల సీమలో దోమలు ఎక్కువ, దోమల కాయిళ్ల వాడకమూ ఎక్కువే. ఒక్క కాయిల్ కాలితే వెలువడే పీఎం 2.5 బరువు 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. వేపాకు పొగా రేణువులే. పసిపిల్లలున్న గదికి దోమతెర ఎంతో మేలు. వంటింట్లో కట్టెలపొయ్యిని తప్పించడానికి 1999లో రాష్ట్రంలో వంటగ్యాస్ ఇచ్చే దీపం పథకం మొదలైంది. ఆడవాళ్ల కళ్లకూ ఊపిరితిత్తులకూ అది పెద్ద ఊరట.

హద్దులు రెండు
పీఎం 2.5కి ఏడాది సగటు మన దేశంలో 40 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. మన హద్దు దానికి ఎనిమిది రెట్లు. "ప్రమాణాల లోపే ఉంది" అన్న వార్త చదివినప్పుడు ఏ ప్రమాణమో కూడా చూసుకోవాలి.

ఏడాదిలో 104 రోజులు
2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కార్యక్రమం జాబితాకు ఎక్కిన 13 నగరాల్లో ఏలూరు, విజయవాడ, రాజమహేంద్రవరం ఉన్నాయి. వార్షిక సగటు కట్టడానికి నియమం అడిగే కనీస కొలతలు వారానికి రెండుసార్లు, ఏడాదికి 104. చేలో గడ్డి తగలబడిన సాయంత్రం ఆ రెండు రోజుల్లో పడకపోతే ఆ పొగ లెక్కలోకే రాదు. అందుకే కోతల నెలల్లో లంక గ్రామాల్లోనూ, మెట్టలో బ్యారన్ల పక్కనా, మిల్లుల వీధుల్లోనూ రోజూ కొలతలు జరగాలి. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన నిట్ ఉంది, పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. చదువుకున్న చేతులకు ఇక్కడ కొదవ లేదు. కాలువ నీటి గురించి, ధాన్యం ధర గురించి నిలదీసి అడిగే ఈ సీమ జనం, తమ ఊరి గాలి అంకె ఎంతో చెప్పమని కూడా గ్రామసభలో అడగాలి. అడిగిన ఊళ్లోనే త్రాసు పెడతారు.