పిల్లల ఒంటి నుండి దుర్వాసన వస్తున్నదా?

జూన్ నెలలో బడులు తెరచిన తరువాత మా వైద్యశాలకు వచ్చే తల్లులలో కొందరు, మిగిలిన రోగులందరూ వెళ్ళిపోయేవరకు నోరు విప్పరు. అందరూ వెళ్ళిన తరువాత గొంతు తగ్గించి, "పిల్ల దగ్గర ఏదో వాసన వస్తోందండీ, రోజుకు రెండుసార్లు స్నానం చేయిస్తూనే ఉన్నాను" అంటారు. జ్వరమనో దగ్గనో చెప్పడానికి సంకోచించనివారు ఈ విషయం చెప్పడానికి సిగ్గుపడతారు. అది తమ పెంపకంలోని లోపమని లోకం అనుకుంటుందేమోనన్న భయం. తల్లి ఈ మాట చెబుతున్నంతసేపూ పక్కనే నిలబడిన ఆ పసిది తల ఎత్తదు.

కొన్నేండ్ల క్రిందట అట్లా వచ్చిన ఒక ఆరేండ్ల బాలిక విషయంలో నేను పొరపాటు చేశాను. చంకల నుండి పెద్దవాళ్ళకు వచ్చినట్లే వాసన వస్తున్నదని తల్లి స్పష్టంగా చెప్పింది. ఎండకాలం కదా అని తేలికగా తీసుకొని, నలుగుపిండి వ్రాసి ఇచ్చి, నూలు బట్టలు వేయమని చెప్పి పంపాను. రెండు నెలల తరువాత మళ్ళీ వచ్చారు. స్నానం చేసిన పూట బాగానే ఉంటున్నది, మధ్యాహ్నానికి వాసన మళ్ళీ వస్తున్నది. ఈసారి విచారిస్తే గజ్జలలో వెంట్రుకలు కూడా కనిపించసాగాయని తెలిసింది. వెంటనే పిల్లల వైద్య నిపుణుల దగ్గరకు పంపించాను. రక్తపరీక్షలు చేశారు, ఎముకల వయస్సు తెలుసుకోవడానికి చేతికి ఎక్స్‌రే తీశారు. ప్రమాదకరమైనదేమీ లేదని తేలింది కాని, కొన్నేండ్లపాటు ఆరు నెలలకొకసారి చూపించుకొంటూ ఉండమన్నారు. "వెంట్రుకలేమైనా వస్తున్నాయా తల్లీ?" అన్న ఒక్క ప్రశ్న మొదటిరోజే నేను అడిగి ఉంటే రెండు నెలల కాలం వృథా అయ్యేది కాదు.

ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెబుతాను. మన శరీరంలో ప్రధానంగా రెండు రకాల స్వేదగ్రంథులు ఉన్నాయి. ఒక రకం పుట్టినప్పటి నుండి ఒళ్ళంతా పనిచేస్తూ శరీరాన్ని చల్లబరుస్తాయి. వీటి చెమట నీరు, ఉప్పు మాత్రమే అనవచ్చు. దానికి వాసన దాదాపు ఉండదు. రెండవ రకం ముఖ్యంగా చంకలలోను, గజ్జలలోను ఉంటాయి. ఇవి యౌవనారంభం వరకు నిద్రాణంగా ఉంటాయి. వీటి చెమట కొంచెం చిక్కగా ఉంటుంది. చర్మంపై నివసించే సూక్ష్మజీవులు దానిని విచ్ఛిన్నం చేసినప్పుడు పెద్దవారి చెమట వాసన పుడుతుంది. కనుక ఆడపిల్లకు 8 సంవత్సరాలు, మగపిల్లవానికి 9 సంవత్సరాలు నిండకముందే ఈ వాసన వస్తే, దానికి తోడు గజ్జలలో వెంట్రుకలు, ముఖాన మొటిమలు, జిడ్డు జుట్టు, హఠాత్తుగా పొడుగు పెరగడం కనిపిస్తే, సబ్బు మార్చడం కాదు చేయవలసినది, పిల్లల వైద్యునికి చూపించడం. చాలామందిలో అడ్రినల్ గ్రంథి కొంచెం ముందుగా మేల్కొనడమే కారణం, అపాయమేమీ ఉండదు. అరుదుగా ఆ గ్రంథిలోనే వ్యాధి ఉండవచ్చు. ఇటువంటి పిల్లలకు కషాయాలిచ్చి "ఎదుగుదలను ఆపుతాం" అనేవారి మాట నమ్మవద్దు. నేను అటువంటి ఔషధం ఇవ్వను.

లావుగా ఉన్న పిల్లలలో ఇది కొంత ఎక్కువగా కనిపిస్తుంది. చరకసంహితలో స్వేదవహ స్రోతస్సులకు మూలం మేదస్సు, రోమకూపాలు అని చెప్పబడింది. అతిస్థూలునికి కలిగే ఎనిమిది దోషాలలో దుర్గంధమూ, అధిక స్వేదమూ రెండున్నాయి. గురుకులంలో కంఠస్థం చేసిన ఆ మాటలకు అర్థం, బిస్కట్లు, చిప్స్ పొట్లాలు, శీతల పానీయాలు చేతబట్టుకొని వచ్చే నేటి పిల్లలను చూస్తుంటే మరింత స్పష్టమవుతున్నది.

ఇక తక్కిన పిల్లల సంగతి. వాసన అనగానే ఒళ్ళంతా రుద్దడం మొదలుపెట్టకుండా, అది ఎక్కడి నుండి వస్తున్నదో ముందు కనిపెట్టవలెను. నాలుగేండ్ల పిల్లవానిని ఒకసారి తీసుకొనివచ్చారు. దగ్గరకు రానివ్వని కంపు. తలకు, ఒంటికి ఎన్ని పూసినా పోలేదు. చూడగా ఒక్క ముక్కురంధ్రం నుండే చీము కారుతున్నది. లోపల స్పంజి ముక్క ఇరుక్కొని కుళ్ళిపోయింది! పూసలు, శనగలు, బలపం ముక్కలు కూడా ఇట్లాగే దొరుకుతాయి. ఒక్కవైపు ముక్కు నుండే దుర్గంధంతో కూడిన స్రావం వస్తే ఈ అనుమానం రావలెను. పిన్నీసుతో తీయబోవద్దు, నూనె చుక్కలు వేయవద్దు. చెవి ముక్కు గొంతు వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. ఆటవస్తువులలోని గుండ్రని చిన్న బ్యాటరీ దూర్చుకొన్నదని తెలిస్తే గంట కూడా ఆలస్యం చేయరాదు, అది లోపలి పొరను కాల్చివేస్తుంది.

చెవి నుండి చీము వాసన వస్తుంటే వెల్లుల్లి కాచిన నూనె పోసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. చీము కారే చెవిలో ఏ నూనే పోయరాదు. నోటి వాసనకు పుచ్చిన పళ్ళు, గొంతులోని టాన్సిల్స్ చూపించుకోవలెను. అతిగా దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం, వీటితోపాటు శ్వాసలో మగ్గిన పండు వాసన వస్తే అది మధుమేహం ముదిరిన లక్షణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలెను. పాలు త్రాగని పసికందు మూత్రం వింత వాసన వేసినా అంతే. మెంతికూర, మెంతులు తిన్న మరునాడు చెమటలో, మూత్రంలో తియ్యని వాసన రావడం మాత్రం సహజమే, కంగారుపడనక్కరలేదు.

బడికి పోయే ఆడపిల్లల విషయంలో నన్ను బాధించే సంగతి ఒకటుంది. మరుగుదొడ్లు శుభ్రంగా లేవని ఉదయం నుండి సాయంత్రం దాకా మూత్రం బిగబట్టుకొనే పిల్లలు ఎందరో. బిగబట్టవలసి వస్తుందని నీళ్ళు కూడా త్రాగరు. మూత్రం చిక్కబడి ఘాటుగా మారుతుంది, ఆపుకోలేక రెండు చుక్కలు లోదుస్తులలో పడతాయి, మలబద్ధకం తోడవుతుంది. తరగతిలో "కంపు" అన్న పేరు ఆ పిల్లకు వస్తుంది. ఆ పేరు తెచ్చుకొన్న బాలిక ఆఖరి బల్లమీద ఒంటరిగా కూర్చుంటుంది. తల్లిదండ్రులు కలిసి వెళ్ళి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడవలసిన విషయమిది. సంచిలో అదనంగా ఒక జత లోదుస్తులు పెట్టి, ఎవరికీ తెలియకుండా మార్చుకోవడం నేర్పవలెను. మలవిసర్జన తరువాత ముందు నుండి వెనుకకు కడుగుకోవడం కూడా నేర్పవలెను. మగపిల్లలకు స్నానం చేయించేటప్పుడు ముందుచర్మాన్ని బలవంతంగా వెనుకకు లాగవద్దు, వయస్సుతోపాటు అదే వదులవుతుంది.

బట్టల వాసనను ఒంటి వాసన అనుకోవడం మరొక పొరపాటు. వానాకాలంలో సరిగా ఆరని యూనిఫారం ముక్క వాసన వేస్తుంది, అది ఒంటికి పట్టుకొంటుంది. పాలిస్టరు, నైలాను బట్టలు చెమట వాసనను ఉతికినా వదలవు. లోపల నూలు బనీను వేయండి. మేజోళ్ళు ప్రతిదినం మార్చవలెను, బూట్లు రెండు జతలుంటే ఒకటి ఎండలో ఆరుతుంది. బడి నియమమని తడి జుట్టుకే జడలు వేసి రిబ్బనులు బిగించే తల్లులు, తలస్నానాన్ని ఆదివారానికి మార్చుకొంటే మంచిది.

ఒంటిని రుద్ది శుభ్రపరచుకోవడం వలన దుర్గంధం, బరువు, మగత, దురద, మలినం తొలగుతాయని చరకుడు చెప్పాడు. నలుగు కఫాన్ని, మేదస్సును తగ్గిస్తుందని వాగ్భటుడు వ్రాశాడు. బాల్యం కఫప్రధానమైన వయస్సు కనుక మన పెద్దలు వారానికొకసారి నూనె అంటి నలుగు పెట్టడంలో అర్థముంది. రోజూ మాత్రం గోరువెచ్చని నీళ్ళు, చెవుల వెనుక, మెడ మడతలు, చంకలు, బొడ్డు, గజ్జలు, కాలివ్రేళ్ళ మధ్య శ్రద్ధగా కడగడం, అంతకంటె శ్రద్ధగా తడి అద్దడం చాలును.

నలుగుపిండికి పెసలు 250 గ్రాములు, పచ్చి శనగపప్పు 100, వట్టివేళ్ళు 25, నీడన ఎండిన గులాబీ రేకులు 25, కచ్చూరాలు 25, కస్తూరి పసుపు 10 గ్రాములు తీసుకొని, మెత్తగా విసిరి, పలుచని గుడ్డతో జల్లించవలెను. నీటితో తడిపి మాత్రమే వాడవలెను, పొడిపిండి రేగితే పిల్లలకు దగ్గు వస్తుంది. మొదటిసారి మోచేతి మడతలో కొంచెం రాసి ఒక పూట చూడండి, ఎర్రబడితే మానండి. పుండ్లు, గజ్జి ఉన్నచోట నలుగు పెట్టరాదు. పెద్దల నలుగులో వేసే బావంచాలను పిల్లల పిండిలో కలపవద్దు. వాటిని పూసి ఎండలోకి పోతే చర్మం బొబ్బలెక్కవచ్చు. నిమ్మరసానికీ ఆ దోషముంది. వంటసోడా లేత చర్మాన్ని మండిస్తుంది. కర్పూరం పసివారి నోటబడితే ఫిట్స్ రావచ్చు కనుక దానిని స్నానాల గదిలో ఉంచనే ఉంచవద్దు. టాల్కం పొడి ముఖం దగ్గర చల్లితే ఊపిరితిత్తులలోకి పోతుంది. సువాసన స్ప్రేలు పిల్లలకు అనవసరం.

పిండిని తడి తగలని సీసాలో పోసి, నెలకు సరిపోయేంతే చేసుకోవలెను. వానాకాలంలో అయితే పదిహేను రోజులకు సరిపోయేంత చాలు, లేకపోతే పురుగు పడుతుంది.