బర్మా వేఱుపడిన పిమ్మట: బియ్యము, బాకీ, మినుములు

1937వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీకి ముందు రంగూనులో ఓడ కెక్కిన బియ్యపు బస్తా కాకినాడలో దిగినను, చెన్నపట్టణమున దిగినను స్వదేశపు సరకే. బర్మా నాడు బ్రిటిషు హిందూదేశములో నొక రాష్ట్రము. ఆ దినమున అది కూటమినుండి విడివడి వేఱు దేశమయ్యెను. 2020లో బ్రిటను ఐరోపా సమాఖ్యను వీడినపుడు పత్రికలు విస్తారముగ వ్రాసినవి. మన తీరమువారికి అట్టి యనుభవము అంతకు చాల ముందే కలిగినది. ఆ వేఱుపాటు బియ్యముగనో, బాకీగనో, అపరాలుగనో మన కళ్లములదాక వచ్చుచునే యున్నది.

దిగువ బర్మాలోని ఐరావతీ నదీముఖ భూములు వరికి పెట్టినపేరు. 1930కి తరువాతి యేండ్లలో ఆ దేశము ఏటేట సుమారు 30 లక్షల టన్నుల బియ్యము నెగుమతి చేయుచుండ, అందు దాదాపు సగము హిందూదేశమునకే వచ్చుచుండెను. రంగూను రేవులో బస్తాలు మోసినవారును, బియ్యపు మరలలో పనిచేసినవారును పెక్కురు తెలుగువారు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరున వారిని అచ్చట కోరంగీలని పిలిచెడివారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె సందర్భమున వారికిని బర్మీయులకును ఘోరమైన కొట్లాటలు జరిగి నూఱుమందికి పైగా మరణించిరి. ఆ కాలముననే ఆర్థిక మాంద్యముచే ధాన్యపు ధర దాదాపు సగమునకు పడిపోయెను. చెన్నరాజధాని వరి రైతుల మొఱలపై ప్రభుత్వమువారు 1935లో విదేశపు నూకలపై మణుగునకు 12 అణాల సుంకము విధించిరి. ఆ దెబ్బ సయాము సరకునకు తగిలినది. బర్మా బియ్యము ఇంటి సరకు గనుక దానిపై చేయి వేయుటకు వీలులేకపోయెను. దానిపై సుంకము వేయవలెనన్న బర్మా ముందుగా పరాయిదేశము కావలెను.

చిత్రమేమన, 1932 నవంబరు ఎన్నికలలో బర్మా ప్రజలు విడిపోవలదను పక్షములనే గెలిపించిరి. హిందూదేశముతో కలిసియుండిన రాజ్యాంగ సంస్కరణములు త్వరగా దక్కునని వారి యాశ. ఇష్టము లేనినాడు వైదొలగు హక్కు మాత్రము తమ కుండవలె ననిరి. ఎన్నికైన శాసనసభ ఏ తీర్మానమునకును రాలేక వాదములాడుచుండగా, బ్రిటిషు ప్రభుత్వమే విభజనమును నిశ్చయించి 1935లో చట్టము చేసెను.

విడిపోయినంతమాత్రమున సుంకపు గోడ లేవలేదు. పాత వర్తకపద్ధతియే మూడేండ్లపాటు సాగవలెనని ఉత్తరువు పుట్టెను. ఓడలు మునుపటివలెనే వచ్చుచుండెను. మాఱినది ఖాతా పుస్తకము. ఉమ్మడి కుటుంబమువారు వేఱుపడునపుడు ఆస్తితో పాటు అప్పులును పంచుకొందురు గదా! ఉమ్మడి అప్పులో బర్మా వంతును తేల్చుటకు ఏమరీగారి అధ్యక్షతను ఒక సంఘము కూర్చుండి, ఆ మొత్తమును వాయిదాలమీద 45 ఏండ్లలో తీర్చవలెనని చెప్పెను. తరువాత వచ్చినది మనుష్యుల ప్రశ్న. 1941లో కుదిరిన వలస యొడంబడిక తెలుగు కూలీ స్వేచ్ఛగ రంగూనునకు పోవు దారికి అడ్డుకట్ట వేసినది. గాంధీగారు దానిని గట్టిగ ఖండించిరి. దాని ఫలితము తేలకమునుపే యుద్ధము వచ్చిపడెను.

1942 మార్చి 8వ తేదీని రంగూను జపానువారి వశమయ్యెను. లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు మరలిరి. అడవిదారుల నడచి వచ్చినవారిలో వేలమంది త్రోవలోనే మరణించిరి. బియ్యపు రాక పూర్తిగ నిలిచెను. 1943లో వంగదేశమున వచ్చిన కఱవునకు పెక్కు కారణములు కలవు. బర్మా బియ్యము ఆగుట యందొకటి. ఏడెనిమిదేండ్లకు ముందు చౌక బియ్యము వలన చెడితిమని మొఱవెట్టిన చెన్నరాజధానిలోనే ఇపుడు బియ్యమును రేషనుమీద కొలిచి పంచవలసివచ్చెను.

1948 జనవరి 4వ తేదీని బర్మా స్వతంత్రమై, కామన్వెల్తులోను నిలువక, రెండవ కూటమిని గూడ విడిచెను. మన దేశము గణతంత్రమయ్యును అందే యుండుటకు 1949లో త్రోవ చేసికొనెను. దారులు వేఱైనను పాత బాకీ మిగిలియే యుండెను. 1954లో అది తీఱిన విధము గమనింపదగినది. మన ప్రభుత్వము బర్మానుండి 9 లక్షల టన్నుల బియ్యము కొనుట కొప్పుకొనగా, ఆ బేరముతోడనే విభజననాటి బాకీయు పరిష్కారమయ్యెను. కాని ఆ యేడే ఆహారమంత్రి రఫీ అహమ్మదు కిద్వాయిగారు కంట్రోళ్లను ఎత్తివేసిరి. మంచి పంటలు పండి ధాన్యపు ధరలు దిగజారుచుండెను. అప్పుల లెక్క చూచుకొన్నవారు ధాన్యము అమ్ముకొనువాని లెక్కను చూడలేదని నా యభిప్రాయము.

1962లో అచ్చట సైన్యము ప్రభుత్వమును చేజిక్కించుకొని, 1964లో దుకాణములను గూడ జాతీయము చేయగా, మరల మనవారు కట్టుబట్టలతో ఓడలెక్కిరి. విశాఖపట్టణపు బర్మాక్యాంపు, చెన్నపట్టణపు బర్మాబజారు వారి గుర్తులు. ఆ దేశము 1979లో అలీనదేశముల కూటమిని విడిచి 1992లో తిరిగి చేరెను. 1997లో ఆగ్నేయాసియా దేశముల సంఘమున ప్రవేశించెను. ఇన్ని కూటములలో దూరి వెడలిన దేశములు అరుదు.

1988 తరువాత అచ్చటి ప్రభుత్వము అపరాల వర్తకమును వర్తకులకు విడిచిపెట్టగా, బియ్యము వచ్చిన త్రోవనే మినుములు, కందులు రాసాగెను. మినుము అచ్చటివారికి ప్రధానాహారము కాదు. పండినదానిలో అధికభాగము మనకొఱకే. 2017 ఆగస్టులో మన ప్రభుత్వము దిగుమతులకు పరిమితి పెట్టగా, అచ్చటి రైతు ధర కుప్పకూలెను. 2021లో ఆ పరిమితి తొలగెను. ఏటేట 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు 2025-26 వఱకు కొనునట్లు రెండు ప్రభుత్వములును ఒప్పందము వ్రాసికొనెను. ఆ యేడు ఫిబ్రవరిలోనే సైన్యము అచ్చట మరల గద్దె నెక్కినను బేరము ఆగలేదు.

మన చిట్టమూరు వైపు వరియే ప్రధానము. కృష్ణా, గుంటూరు డెల్టాలలో వరి మాగాణులలో మినుము చల్లువారు పెక్కురు. వారు చల్లునది నవంబరు, డిసెంబరులలో. పంట యింటికి వచ్చునది ఫిబ్రవరి, మార్చిలలో. బర్మా మినుమును ఆ నెలలలోనే కళ్లమునకు వచ్చును. స్వేచ్ఛా దిగుమతికి గడువు మార్చి 31తో ముగియునట్లు వ్రాయుచున్నారు. 2025లో దానిని పొడిగించిన ఉత్తరువు మార్చి నెలలోనే వెలువడెను. అప్పటికి రైతు విత్తుటయు, కోయుటయు ముగిసినవి. ఇడ్డెనలు తినువానికి బర్మా మినుము కొంత కావలెననుట నిజమే. అది ఎంత రానున్నదో అక్టోబరులోనే ప్రకటింపవలసినదని సహకార సంఘములన్నియు తీర్మానములు చేసి పంపుట యుచితము.